రెండు ఐదు మార్కుల నాణేలు, ఒకటే వెండి

ప్రశ్న: మా తమ్ముడు స్టుట్‌గార్ట్‌లో చదువుకుంటున్నాడు. మొన్న సెలవులకు వస్తూ అక్కడి పాత సామాన్ల సంతలో కొన్న రెండు వెండి నాణేలు తెచ్చాడు. రెండూ 5 మార్కులవే (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు). ఒకదాని మీద విల్‌హెల్మ్ బొమ్మ, 1876, కింద ‘ఎ’ అక్షరం. ఇది బాగా నల్లబడింది. రెండోదాని మీద రెండో విల్‌హెల్మ్, 1888. ఇది తళతళలాడుతోంది, 45 యూరోలట. అయస్కాంతం పెట్టి చూశాను, రెండూ అంటుకోలేదు. కంసాలి దగ్గర తూయిస్తే మొదటిది 27.52 గ్రాములు, రెండోది 23.70 వచ్చాయి. రెండోదాన్ని ఆయన ఒకసారి గీరి చూసి ‘ఇది జర్మన్ సిల్వర్ అమ్మా’ అన్నాడు. జర్మనీ నాణెం జర్మన్ వెండి కాక మరేమవుతుందని ఇంటికొచ్చి నవ్వుకున్నాం. నల్లబడినదాన్ని పీతాంబరితో తోమవచ్చా? 19వ శతాబ్దపు జర్మన్ వెండి నాణేలు పోగు చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: తోమకండి. మిగతా సంగతులు చదివేదాకా ఆ నల్ల నాణేన్ని సింకు దగ్గరికి కూడా తీసుకెళ్లకండి.

మీ కంసాలి చెప్పింది నిజం. రిటర్న్ గిఫ్టుల కొట్లలో కుంకుమ భరిణెలకీ పళ్లాలకీ వినిపించే ‘జర్మన్ సిల్వర్’లో వెండి వీసమెత్తు ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, అందులో సగానికి పైగా రాగే. చైనా నుంచి వచ్చే ఒక తెల్ల లోహాన్ని చూసి 1820లలో జర్మనీలో దీన్ని తయారు చేయడం మొదలుపెట్టారు, పేరు అలా అంటుకుంది. జర్మన్లు దాన్ని ‘నాయ్‌జిల్బర్’, అంటే కొత్త వెండి అంటారు. జర్మన్ వెండి నాణేలకు నకిలీలు చేసేవాళ్లలో చాలామంది వాడేది ఇలాంటి తెల్ల మిశ్రమాలనే. రంగు కలుస్తుంది, అచ్చు బాగా పడుతుంది, పైన కాస్త వెండి పూత పూస్తే చాలు. అయస్కాంతం దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఇందులో ఇనుము లేదు, ఉన్న నికెల్ కూడా రాగిలో కలిసిపోయి అయస్కాంత గుణం కోల్పోతుంది. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని తేలుతుంది కానీ, అంటుకోకపోతే ఏమీ తేలదు.

తేల్చేది బరువు. జర్మన్ సామ్రాజ్యం 1873 జులై 9 చట్టంతో ఒక లెక్క పెట్టుకుంది: అర కిలో స్వచ్ఛమైన వెండికి 100 మార్కులు. అంటే మార్కుకు 5 గ్రాముల వెండి. నూటికి 90 పాళ్లు వెండి, 10 పాళ్లు రాగి కాబట్టి 1 మార్కు 5.56 గ్రాములు, 2 మార్కులు 11.11, 5 మార్కులు 27.78. వ్యాసాలు వరుసగా 24, 28, 38 మిల్లీమీటర్లు. మీ 1876 నాణెం పావు గ్రాము తగ్గిందంటే కొన్నేళ్లు చేతులు మారిందని అర్థం, శుభ్రంగా సరిపోయింది. 1888ది 4 గ్రాములు తక్కువ. అరుగుదలతో 4 గ్రాములు పోవాలంటే బొమ్మ మీసాలు, జుట్టు అన్నీ చెరిగి నున్నగా అయిపోవాలి. మీది తళతళలాడుతోందంటున్నారు. ఈ రెండూ ఒకే నాణెంలో కుదరవు.

ఇంకో రెండు చోట్ల చూడండి. మొదటిది బొరుసు మీది గద్ద. 1889కి ముందు సామ్రాజ్య నాణేలపై గద్ద చిన్నది, చుట్టూ ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన గద్ద పెద్దది, రెక్కలు విప్పుకుని దాదాపు స్థలమంతా ఆక్రమిస్తుంది. 1888 తేదీతో పెద్ద గద్ద ఉంటే ఇక వాదన అక్కర్లేదు. నకిలీ చేసేవాళ్లు 1891 తర్వాతి మామూలు నాణేన్ని నమూనాగా పెట్టుకుని అరుదైన తేదీ వేసేస్తారు, గద్ద సంగతి పట్టించుకోరు. రెండోది అంచు. 5 మార్కుల నాణెం అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ (దేవుడు మనతో ఉన్నాడు) అన్న మాటలు లోపలికి దిగి ఉంటాయి, మధ్యమధ్య చిన్న అలంకారాలు. అక్కడ మామూలు గాడి గీతలుంటే నకిలీ. అక్షరాలుండీ, అంచు చుట్టూ మధ్యలో సన్నటి అతుకు గీత కనిపిస్తే అది రెండు ముక్కల అచ్చులో పోత పోసింది. నాణేన్ని పోత పోయరు, ముద్ర కొడతారు.

1888నే ఎందుకు ఎంచుకుంటారంటే, ఆ ఏడు జర్మనీకి ముగ్గురు చక్రవర్తులు. మార్చిలో మొదటి విల్‌హెల్మ్ పోయాడు, కొడుకు ఫ్రీడ్రిష్ 99 రోజులు ఏలి జూన్ 15న పోయాడు, మనవడు రెండో విల్‌హెల్మ్ ఎక్కాడు. ఫ్రీడ్రిష్ బొమ్మతో వచ్చిన 2, 5 మార్కుల నాణేల్ని జనం జ్ఞాపకంగా దాచుకున్నారు, అందుకే అవి ఇప్పటికీ మంచి స్థితిలో, అందుబాటు ధరలో దొరుకుతాయి. రెండో విల్‌హెల్మ్ పేర ఆ ఏడు చిన్న గద్దతో వచ్చినవి మాత్రం చాలా తక్కువ. అసలైనది 45 యూరోలకు సంతలో దొరకదు.

నమ్మకంగా తేల్చుకోవాలంటే నీళ్ల పరీక్ష చేయండి. 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. మందుల గ్లాసు లాంటి పాత్రలో నాణెం పూర్తిగా మునిగేంత నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని కట్టి అడుగుకీ పక్కలకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా చూపే అంకె ఆ నాణెం తోసిన నీటి బరువు. నాణెం బరువును దానితో భాగించండి, వచ్చేది నాణెం సాంద్రత. 90 శాతం వెండికి 10.3 రావాలి. మీ 1876 నాణేనికి కాటా 2.67 దగ్గర ఆగాలి. 1888ది 2.70 దగ్గర ఆగితే 23.70ని భాగించి చూడండి, 8.8 వస్తుంది. అది జర్మన్ సిల్వర్ పరిసరాల్లోని అంకె.

ఈ పరీక్ష చెడేది ఎక్కువగా గాలి బుడగల వల్ల. అంచు అక్షరాల సందుల్లో బుడగలు ఇరుక్కుంటే నీళ్లు ఎక్కువ తోసినట్టు కనిపించి మంచి వెండి కూడా 9.9, 10.0 అని తేలుతుంది. ముందు నాణేన్ని నీళ్లలో ముంచి, దారంతో అటూ ఇటూ ఆడించి, బుడగలు పోయాక తూయండి. లావు దారం వాడకండి. చిన్న నాణేలకు ఈ పద్ధతి పనికిరాదు: 1873–1877 మధ్య వచ్చిన వెండి 20 ఫెనిష్ 16 మిల్లీమీటర్లు, 1.11 గ్రాములే. అది తోసే నీళ్లు 0.11 గ్రాము, కాటా ఒక్క అంకె తప్పు చూపినా జవాబు పది శాతం మారిపోతుంది. ఇంట్లో పాత విక్టోరియా రూపాయి ఉంటే ముందు దాంతో చేయి తిప్పుకోండి. 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి, అదీ 10.3 దగ్గరే తేలాలి. ఇంకో మాట: అరుదైన నాణేలకు అసలు వెండితోనే, సరైన బరువుతోనే నకిలీలు చేసేవాళ్లున్నారు. వాటిని కాటా పట్టదు, పేరున్న వేలం సంస్థల పాత ఫోటోలతో అక్షరం అక్షరం పోల్చాల్సిందే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. మా ఓటు మార్కులకు కాదు, అంతకు ముందరి థాలర్లు అనే వెండి నాణేలకు. 1871 దాకా జర్మనీ ఒక దేశం కాదు, డజన్ల కొద్దీ రాజ్యాలు, డచీలు, స్వతంత్ర నగరాలు. ఉత్తరాన థాలర్, దక్షిణాన గుల్డెన్, ఎవరి టంకశాల వారిది. పాత లెక్కకు ఆధారం కొలోన్ మార్కు అనే 233.86 గ్రాముల తూకం. ఆ తూకం వెండికి ప్రష్యా 14 థాలర్లు కొట్టేది. అందుకే పాత ప్రష్యన్ థాలర్ 22.27 గ్రాములు, అందులో వెండి ముప్పాతికే. బవేరియా లాంటివి అదే వెండికి 10 కొట్టాయి, ఆ నాణెం 28 గ్రాములు. 1837లో మ్యూనిక్‌లో దక్షిణాది రాజ్యాలు గుల్డెన్‌ను 10.6 గ్రాముల దగ్గర కుదుర్చుకున్నాయి. మరుసటి ఏడు డ్రెస్డెన్‌లో ఉత్తర దక్షిణాలు కలిసి 2 థాలర్లకు మూడున్నర గుల్డెన్లు అని ఒప్పుకుని, రెండు లెక్కలకూ చెల్లే 37.1 గ్రాముల పెద్ద నాణెం తెచ్చాయి. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది కానీ బజారులో చిల్లర దొరక్క జనం తిట్టుకునే రకం. చివరికి 1857 జనవరి 24న వియన్నా ఒప్పందం: అర కిలో వెండికి 30 థాలర్లు. అదే ఫెరైన్స్‌థాలర్, 18.52 గ్రాములు, 33 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. చాలా వాటి మీద ‘30 థాలర్లకు ఒక పౌండు స్వచ్ఛం’ అని జర్మన్‌లో రాసి ఉంటుంది.

మీరు మొదలుపెట్టాల్సింది ఈ ఫెరైన్స్‌థాలర్లతో. బరువు అన్ని రాజ్యాలకూ ఒకటే కాబట్టి కొత్తవారికి పరీక్ష సులువు. 1857 నుంచి 1871 దాకా పదిహేనేళ్ల పరిధి. రాజ్యానికొకటి అన్న లక్ష్యం పెట్టుకుంటే కొన్నేళ్లు సరిపోతుంది. మొదటి మూడు మేమైతే ఇలా కొనమంటాం. 1861 ప్రష్యా పట్టాభిషేక థాలర్, రాజు విల్‌హెల్మ్, రాణి ఆగస్టా పక్కపక్కన ఉన్నది. 1871 ప్రష్యా విజయ థాలర్, ఫ్రాన్స్‌పై గెలుపుకు గుర్తుగా వచ్చింది. ఈ రెండూ పెద్ద సంఖ్యలో కొట్టారు కనుక మంచి స్థితిలో ఉన్నదానికీ ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు. మూడోది ఫ్రాంక్‌ఫర్ట్ నగరానిది. రాజు లేని ఊరు కాబట్టి నగరాన్నే స్త్రీ రూపంలో చెక్కారు. ఆ ముఖం నటి ఫానీ యనౌషెక్‌ది అని చెప్పుకునేవారు, సేకర్తలు ఇప్పటికీ దాన్ని యనౌషెక్ థాలర్ అంటారు. చేయి తిరిగాక బవేరియా రాజు మొదటి లుడ్విగ్ కొట్టించిన ‘చరిత్ర థాలర్ల’ వైపు చూడండి. 1835లో నూరెంబర్గ్ నుంచి ఫ్యూర్ట్‌కు నడిచిన జర్మనీ తొలి ఆవిరి రైలుకు కూడా అందులో ఒక నాణెం ఉంది. వాటి ధర వేరే సంగతి.

థాలర్లు చెలామణిలో చాలాకాలం ఉన్నాయి. మార్కు వచ్చాక కూడా 3 మార్కుల కింద 1907 దాకా చెల్లాయి. కానీ 1873 నుంచి 1879 దాకా జర్మనీ పాత నాణేల్ని పెద్దఎత్తున కరిగించి ఆ వెండిని లండన్ బజారులో అమ్మింది. వెండి ధర పడిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి, ఆ దెబ్బ తగిలింది మన రూపాయికి. 1870ల మొదట్లో సుమారు 23 పెన్నీలు పలికిన రూపాయి 1893 నాటికి 15 పెన్నీల దాకా దిగజారింది, ఆ జూన్‌లో ఇండియా టంకశాలలు జనం తెచ్చే వెండికి తలుపులు మూశాయి. మీకు మనవైపు సంబంధం ఉన్న జర్మన్ నాణెమే కావాలనిపిస్తే ఒకటుంది: జర్మన్ తూర్పు ఆఫ్రికా కంపెనీ 1890 నుంచి కొట్టించిన రూపాయి. ఆ తీరంలో మన వర్తకుల వల్ల ఇండియా రూపాయే చెల్లేది కాబట్టి బెర్లిన్‌లో అచ్చంగా అదే 11.66 గ్రాముల తూకానికి కొట్టారు. ఒకవైపు గద్ద శిరస్త్రాణంతో రెండో విల్‌హెల్మ్, మరోవైపు సింహం, తాటిచెట్టు లాంటి చెట్టు. చాలా ముచ్చటైన నాణెం, నకిలీలూ అంతే ఎక్కువ.

టంకశాల అక్షరాలు చదవడం తొందరగా నేర్చుకోండి. సామ్రాజ్య కాలంలో ‘ఎ’ బెర్లిన్, ‘డి’ మ్యూనిక్, ‘ఎఫ్’ స్టుట్‌గార్ట్, ‘జి’ కార్ల్స్‌రూహె, ‘జె’ హాంబర్గ్. మీ తమ్ముడున్న ఊరి అక్షరం ‘ఎఫ్’, 1 మార్కు నాణేలు ఒక్క ఆ టంకశాలవే తేదీల వారీగా పోగు చేసినా అందమైన వరుస అవుతుంది, ఖర్చూ తక్కువ. ‘బి’ దగ్గర మాత్రం పొరపాటు పడతారు. 1870ల సామ్రాజ్య నాణెం మీద ‘బి’ హానోవర్. 1860ల సాక్సనీ థాలర్ మీద ‘బి’ ఊరు కాదు, డ్రెస్డెన్ టంకశాల అధికారి బూషిక్ ఇంటిపేరు. శతాబ్దం మొదట్లో ప్రష్యా నాణెం మీద అదే ‘బి’ బ్రెస్లావ్. అక్షరాన్ని ఎప్పుడూ రాజ్యంతో, సంవత్సరంతో కలిపి చదవాలి. అమ్మేవాళ్లు రాసే యేగర్, ఎ.కె.ఎస్. అన్నవి నాణేల కేటలాగులు: యేగర్ నంబరు 1871 తర్వాతి నాణేలకు, ఎ.కె.ఎస్. నంబరు అంతకు ముందరి రాజ్యాల వాటికి. ఆ నంబరు అడిగి పుచ్చుకుంటే మీరు పోల్చుకునే పని సగం తగ్గుతుంది.

జర్మన్ అమ్మకందార్లు స్థితిని చెప్పే మాటలు అనువాద యాప్‌లో పెడితే మోసపోతారు. ‘షోన్’ అంటే నిఘంటువులో అందమైనది. నాణేల భాషలో బాగా అరిగినది. ‘జేర్ షోన్’ అంటే ‘చాలా అందమైనది’ కాదు, ఓ మోస్తరుగా అరిగి ముఖ్యమైన వివరాలు మిగిలినది. మీరు కొనాల్సింది దీనికి పైనున్న ‘ఫోర్‌ట్సూగ్లిష్’ దరిదాపుల్లో. అరిగినవి నాలుగు కొనే డబ్బుతో ఇలాంటిది ఒకటి కొనండి. ‘హెంకెల్‌ష్పూర్’ అన్న మాట కనిపిస్తే వదిలేయండి. మనవాళ్లు కాసులపేరు చేసినట్టే అక్కడ థాలర్లకు కొక్కెం అతికి గొలుసులకు వేలాడదీసేవారు, ఇప్పటికీ బవేరియా మగవాళ్ల నడుము గొలుసుల్లో అవి కనిపిస్తాయి. కొక్కెం తీసేసి అరగదీసిన గుర్తు సాధారణంగా తల పైభాగాన, గడియారంలో 12 ఉండే చోట అంచు మీద ఉంటుంది. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో అక్కడ గీతలు, టంకం రంగు, అంచు కాస్త నొక్కుకుపోవడం వెతకండి. అలాంటి నాణెం విలువ సగం కంటే కిందికి పోతుంది. మీ 1876నాణేన్నీ అలా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఆ నలుపు. గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పలుచటి పొర అది. సేకర్తలకు అది మురికి కాదు, నాణెం ముఖం ఎవరూ ముట్టలేదనడానికి సాక్ష్యం. పీతాంబరి, విభూతి, చింతపండు, టూత్‌పేస్ట్ – దేవుడి కుందులకు పనికొచ్చేవేవీ నాణేనికి పనికిరావు. పొడులు వెండి పైపొరను వెంట్రుకంత గీతలతో గోకేస్తాయి, పులుపు దాన్ని పాలిపోయేలా చేస్తుంది. దీపం కింద నాణేన్ని వంచి తిప్పితే కొత్త నాణెం మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. తోమిన నాణెం మీద వెలుగు కదలదు, అంతటా ఒకేలా తెల్లగా మెరుస్తుంది. పోయిన ఆ చక్రం మళ్లీ రాదు. జిడ్డు, పాత ప్లాస్టిక్ కవరు వల్ల పట్టిన ఆకుపచ్చ జిగురు ఉంటే మాత్రం తీయాలి: స్వచ్ఛమైన అసిటోన్‌లో, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో కాదు, గాజు గిన్నెలో పది నిమిషాలు ఉంచి, మరో శుభ్రమైన అసిటోన్‌లో ముంచి తీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. రుద్దకండి. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి.

దాచడానికి మెత్తటి పి.వి.సి. కవర్లు వద్దు, ఆ ఆకుపచ్చ జిగురు వచ్చేది వాటి నుంచే. 33, 38 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ క్యాప్సూళ్లు కొనండి, రబ్బరు బ్యాండ్లు చుట్టకండి, న్యూస్‌పేపర్లో పొట్లం కట్టకండి. దేవుడి గదిలో పెట్టవద్దు, అగరొత్తుల పొగ నెలల్లో పొర పట్టిస్తుంది. డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్ వేసి వానాకాలంలో మార్చండి.

కొనుగోలుకు మీ తమ్ముడు సంతలు మానేసి నాణేల దుకాణాలకు, వేలం సంస్థలకు వెళ్లడం మేలు. వేలంలో పాట ధర మీద అదనంగా కమీషన్ పడుతుంది, సాధారణంగా 20 శాతం అటూ ఇటూ. 100 యూరోలకు పాడితే 120 దాటుతుందని ముందే లెక్కేసుకోవాలి. బేరానికి ముందు కరిగిస్తే వచ్చే విలువ చూసుకోండి: థాలర్‌లో 16.67 గ్రాముల వెండి, 5 మార్కుల్లో 25. ఆనాటి వెండి ధరకు కూడా తక్కువగా ఎవరైనా ఇస్తున్నారంటే అది ఔదార్యం కాదు. ఇంటికి తెచ్చేటప్పుడు బిల్లు తప్పనిసరి. ఆభరణం కాని వెండిని విమానాశ్రయంలో సుంకం లేని సామాను కింద లెక్కించరు, ఎర్ర దారిలో వెళ్లి బిల్లు చూపించి ప్రకటించాలి. ప్రయాణానికి ముందు అప్పటి కస్టమ్స్ నిబంధన ఒకసారి సరిచూసుకోమనండి.

మిగిలింది 1888 నాణెం. పారేయకండి, అమ్మనూవద్దు. క్యాప్సూల్‌లో పెట్టి, చిన్న చీటీ మీద ‘నకిలీ, 23.70 గ్రా., సాంద్రత 8.8’ అని రాసి లోపలే ఉంచండి. 1876 నాణేన్ని దాని పక్కన పెట్టి అంచులు, గద్దలు, అక్షరాల దిగుడు భూతద్దంతో అరగంట పోల్చి చూడండి. ఆ 45 యూరోలకు మీకు దొరికిన పాఠ్యపుస్తకం అదే.